క్రాంకు పోయిందనే ముందు కొలిచి చూడాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

సాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలి దమ్ములు మొదలయ్యే రోజుల్లో మా పల్నాటి పల్లెల్లో ఒక ట్రాక్టరు ఆగిపోయిందంటే, దాని యజమానితో పాటు ఆ బండిని నమ్ముకొని నారు పోసుకున్న పది పన్నెండు కుటుంబాల పనీ ఆగిపోతుంది. సరిగ్గా అలాంటి వారంలోనే మా మేనల్లుడి మూడు సిలిండర్ల ట్రాక్టరు ఇంజనులో ‘ఠక్కు ఠక్కు’మనే శబ్దం మొదలైంది. దగ్గరి పట్టణంలోని ఒక వర్క్‌షాపుకు తీసుకువెళితే, అక్కడి మేస్త్రి ఇంజను స్టార్టు చేయించి, నిమిషంపాటు చెవి ఒగ్గి విని, క్రాంకు (పిస్టన్ల పైకీ కిందికీ కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) పోయిందని తేల్చేశాడు. ఇంజను దించారు, క్రాంకు గ్రైండింగుకు వెళ్లింది, అన్ని జర్నళ్లూ, అంటే బేరింగుల్లో తిరిగే దాని నునుపైన భాగాలన్నీ, ఒక్కసారే ఇరవై సైజుకు (లోహాన్ని చెక్కి సన్నబరిచే రెండో మెట్టుకు) దిగాయి, కొత్త బేరింగులు పడ్డాయి. పదకొండు రోజుల తరువాత, రూ.58,000 బిల్లు చెల్లించి బండిని స్టార్టు చేస్తే అదే శబ్దం, అదే చోట, అదే లెక్కన వినబడింది.

అప్పుడు నాకు ఫోను వచ్చింది. ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు శిక్షకుడిగా 26 ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని, కానీ పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కనుక ఇంజను దించి ఎక్కించేదాకా మావాడికి నేను గుర్తు రాలేదు. నేను వెళ్లి చేసింది చిన్న పని. ఇంజనును నిదానంగా నడవనిచ్చి, నాజిళ్లకు (సిలిండరులోకి డీజిలు చిమ్మే భాగాలకు) వెళ్లే పైపుల నట్లను ఒక్కొక్కటిగా వదులు చేస్తూ, మళ్లీ బిగిస్తూ పోయాను. రెండో సిలిండరు దగ్గర శబ్దం అణిగిపోయింది. అయితే అంతమాత్రాన తప్పు నాజిలుదేనని చెప్పకూడదు. ఆ సిలిండరులో మంట ఆగితే దాని కింది బిగ్ ఎండ్ బేరింగు (పిస్టన్ రాడ్డు క్రాంకును పట్టుకొనే చోటి బేరింగు) మీద భారమూ తగ్గి, బేరింగు శబ్దమైనా అలాగే అణుగుతుంది. అందుచేత ఇంజను ఆపి, రెండో సిలిండరు నాజిలును మూడోదానికి, మూడోదాని నాజిలును రెండోదానికి మార్చి బిగించాను. ఈసారి శబ్దం మూడో సిలిండరులో వచ్చింది. బేరింగు ఉన్న చోటు నుంచి కదలదు కదా, నాజిలు వెంట శబ్దం కూడా వెళ్లిందంటే దోషం నాజిలుదే. టెస్టరు మీద పెట్టి చూస్తే, మంచు తుంపరలా చిమ్మవలసిన డీజిలు చుక్కలు చుక్కలుగా కారుతోంది. కొత్త నాజిలు వేయడంతో శబ్దం పోయింది. మొత్తం పని రెండు గంటలు పట్టలేదు.

ఆ వర్క్‌షాపు పేరు నేను రాయడం లేదు. చెవితో తీర్పు చెప్పే అలవాటు ఒక్క షాపుదే అయితే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు. క్రాంకు విషయంలో ఈ అలవాటు రైతుకు చేసే నష్టం డబ్బుతో తీరిపోయేది కాదు కనుకనే మీ పత్రికలో కొంత చోటు అడుగుతున్నాను. క్రాంకు జర్నళ్లను గ్రైండింగు చేసే మెట్లు కొన్నే ఉంటాయి: స్టాండర్డు, ఆ తరువాత పది, ఇరవై, ముప్ఫై, కొన్ని ఇంజన్లకు నలభై. ఒక్కో మెట్టుకు అంగుళంలో వెయ్యింట పది వంతులు, అంటే సుమారు పావు మిల్లీమీటరు లోహం పోతుంది. చివరి మెట్టు దాటితే ఆ సైజు బేరింగులు దొరకవు. క్రాంకు పాత ఇనుము కింద పోతుంది. మావాడి క్రాంకు అసలు అరిగిందో లేదో ఎవరూ కొలవకుండానే దాని ఆయుష్షులో రెండు మెట్లు ఒక్క పూటలో ఖర్చయిపోయాయి. పాత బేరింగులు ఇవ్వమని అడిగితే, పారవేశామన్నారు.

క్రాంకు మీద పడే బరువును కాస్త లెక్క వేసి చూస్తే, ఇక్కడ ఊహకు చోటెందుకు ఉండకూడదో తెలుస్తుంది. వంద మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండరులో మంట రగిలినప్పుడు ఒత్తిడి 70 బార్ (వాతావరణ ఒత్తిడికి సుమారు 70 రెట్లు) అనుకుంటే, పిస్టన్ మీద పడే బలం దాదాపు ఐదున్నర టన్నులు. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కో సిలిండరుకు ఈ దెబ్బ నిమిషానికి వెయ్యిసార్లు పడుతుంది. ఈ దెబ్బను కనెక్టింగు రాడ్డు క్రాంకు పిన్ను (రాడ్డు పట్టుకొనే జర్నలు) మీదికి, క్రాంకు మెయిన్ బేరింగుల (క్రాంకును ఇంజను బ్లాకులో మోసేవాటి) మీదికి చేరవేస్తాయి. మధ్యలో ఉండేది రెండు సగాలుగా ఒదిగే పలుచని బేరింగు రేకులు, వాటికీ జర్నలుకూ నడుమ పంపు తోసే ఆయిలు పొర మాత్రమే. ఆ సందు మామూలుగా జర్నలు వ్యాసంలో వెయ్యో వంతు చుట్టుపక్కల ఉంటుంది. 70 మిల్లీమీటర్ల జర్నలుకు అది తల వెంట్రుక మందమంత. ఈ సందు రెట్టింపైతే అందులోంచి జారిపోయే ఆయిలు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. బేరింగులు అరిగిన ఇంజనులో ఆయిలు ప్రెషరు ఎందుకు పడిపోతుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. మూడు సిలిండర్ల క్రాంకుకు సాధారణంగా నాలుగు మెయిన్ జర్నళ్లు, మూడు పిన్నులు ఉంటాయి కనుక ఆయిలు జారిపోగల చోట్లు ఏడు.

శబ్దం వినకూడదని నా అభిప్రాయం కాదు. వినాలి, కానీ ఏ పరిస్థితిలో వింటున్నామో తెలిసి వినాలి. బిగ్ ఎండ్ బేరింగు వదులైతే, ఇంజనును మధ్య వేగానికి తెచ్చి ఎక్సలేటరును ఒక్కసారి వదిలినప్పుడు గట్టిగా, తేటగా కొడుతుంది. మెయిన్ బేరింగుది లోతైన, బరువైన చప్పుడు. నాగలి లాగుతున్నప్పుడు, రోటావేటరు మీద లోడు పడినప్పుడు పెరుగుతుంది, ఏదో ఒక సిలిండరుకు డీజిలు ఆపినంత మాత్రాన పెద్దగా మారదు. పొద్దున్నే చల్లటి ఇంజనులో వినబడి, వేడెక్కాక తగ్గిపోయేది చాలాసార్లు పిస్టను లైనరుకు (సిలిండరు లోపలి గొట్టానికి) తగిలే చప్పుడు. క్లచ్ తొక్కగానే శబ్దం మారినా, ముందున్న క్రాంకు పుల్లీ కంటికి కనబడేలా ముందుకు జరిగినా థ్రస్టు వాషర్లను (క్రాంకు ముందు వెనుకలకు జరగకుండా ఆపేవాటిని) అనుమానించాలి. డ్రైవరు రోజంతా కాలును క్లచ్ పెడలు మీదే ఉంచి నడిపే బండ్లలో ఇవి త్వరగా అరుగుతాయి. క్లచ్‌ను నొక్కిపట్టే బలమంతా క్రాంకును ముందుకు తోసి, ఆ చిన్న వాషర్ల మీదే పడుతుంది. ఇక ఫ్లైవీలు (క్రాంకు వెనుక చివర ఉండే బరువైన చక్రం) బోల్టులు వదులైతే వచ్చే చప్పుడు అచ్చం మెయిన్ బేరింగు చప్పుడులాగే ఉంటుంది. పుల్లీ వదులైనా అంతే. ఇంత దగ్గరి పోలికలున్న శబ్దాలను విని, సాక్ష్యం ఇంకేదీ లేకుండా ఇంజను దించడం తొందరపాటు.

చెవి తరువాత చూడవలసింది ఆయిలు ప్రెషరు. నా అనుభవంలో అన్నిటికన్నా తక్కువగా చూసేదీ ఇదే. బండి డాష్‌బోర్డు మీది ఎర్ర దీపం ప్రెషరు దాదాపు అడుగంటాక గాని వెలగదు. కనుక దీపం వెలగలేదంటే బేరింగులు బాగున్నాయని అర్థం కాదు. ప్రెషరు స్విచ్చిని విప్పి, ఆ రంధ్రానికి అంకెలున్న గేజీని పైపుతో తగిలించి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, పొలంలో గంటసేపు దున్నిన తరువాత ఒకసారి చూడాలి. చాలా ట్రాక్టర్లలో వేడి మీద పూర్తి వేగంలో చదరపు సెంటీమీటరుకు 3 నుంచి 4 కిలోలు, నిదానంగా నడిచేటప్పుడు ఒక కిలో చుట్టుపక్కల ఉంటే ఆందోళన పడనవసరం లేదు. కచ్చితమైన అంకె ఆ మోడలు మాన్యువల్‌లో ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు బాగా ఉండి వేడెక్కాక పడిపోతే బేరింగుల సందును అనుమానించవచ్చు. అప్పుడైనా ముందు ఆయిలు పలచబడిందేమో, ఫిల్టరు మూసుకుపోయిందేమో, సంపులోని (ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టిలోని) జల్లెడకు మడ్డి పట్టిందేమో, ప్రెషరును అదుపులో ఉంచే రిలీఫ్ వాల్వు స్ప్రింగు నీరసించిందేమో, పంపు గేర్లు అరిగాయేమో వరుసగా చూసి, ఆ తరువాతే బేరింగుల దగ్గరికి రావాలి. మావాడి బండికి నేను గేజీ తగిలించి చూస్తే ప్రెషరు నిక్షేపంగా ఉంది. కొత్త బేరింగులు పడ్డాయి కనుక అది ఇప్పుడు దేనికీ సాక్ష్యం కాదు. ఆ గేజీని పదకొండు రోజుల ముందు తగిలించి ఉండవలసింది. సెకండుహ్యాండు ట్రాక్టరు కొనేవారికి ఒక మాట చెప్పడం ఇక్కడ అవసరం. అరిగిన బేరింగుల చప్పుడును దాచడానికి మరీ చిక్కటి ఆయిలు పోసి అమ్మేవాళ్లు ఉన్నారు. అందువల్ల చల్లటి ఇంజనును విని బేరం కుదుర్చుకోకుండా, గంటసేపు లోడు మీద నడిపించి చూడాలి.

ఆయిలు కడ్డీ కూడా చాలా చెబుతుంది, ఖర్చేమీ లేదు. మట్టం తగ్గితే అందరూ కంగారుపడతారు, పెరిగితే ఎవరూ పట్టించుకోరు. పోయకుండా ఆయిలు మట్టం పెరిగిందంటే అందులోకి డీజిలో నీళ్లో చేరుతున్నాయి. వేళ్ల మధ్య రుద్దినప్పుడు జిగురు లేకుండా, డీజిలు వాసన వస్తే కారే నాజిలునో, పంపు సీళ్లనో, ఫీడు పంపు డయాఫ్రమునో చూడాలి. పాలలాగా తెల్లబడితే లైనరు కింది రబ్బరు రింగుల నుంచో, హెడ్డు గ్యాస్కెట్టు నుంచో నీళ్లు దిగుతున్నాయి. ఈ రెండూ బేరింగులను తినేసేవే. మా మేనల్లుడి ఇంజనులో చుక్కలు కారుతున్న ఆ నాజిలు, మంటలో కాలని డీజిలును లైనరు గోడల వెంట సంపులోకి దింపుతూనే ఉంది. అంటే, లేని జబ్బుకు వైద్యం చేసి, ఆ జబ్బును తెచ్చిపెట్టగల అసలు లోపాన్ని మాత్రం ఇంజనులోనే ఉంచి పంపించారన్నమాట. పాత ఫిల్టరును కోసి, మడతల్లోని మడ్డిని తెల్ల గుడ్డ మీద పరిచి ఎండలో చూస్తే ఇంకొంత తెలుస్తుంది. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము. అంటుకోకుండా రాగి రంగులో మెరిసేది బేరింగు లోపలి పొర.

ఇన్ని చూశాక కూడా అనుమానం బేరింగుల మీదే నిలిస్తే, అప్పుడు విప్పాలి. సంపు రేకు విడిగా ఊడివచ్చే ఇంజన్లలో బండి మీద ఉండగానే ఒక బిగ్ ఎండ్ క్యాపు (రాడ్డు కింది మూత) విప్పి చూడవచ్చు. సంపే బండికి వెన్నెముకగా ఉండే మోడళ్లలో అది పెద్ద పని. ఏదైనా విప్పేముందు రాడ్డుకూ క్యాపుకూ నంబర్లు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే వేసుకోవాలి. ఒకదాని క్యాపు ఇంకోదానికి పడితే బేరింగు గుండ్రంగా కూర్చోదు. పాత బేరింగు రేకులు పారవేయవలసినవి కావు, చదవవలసినవి. ఏ రేకు ఏ సిలిండరుదో, పై సగమో కింది సగమో వెనుక రాసి వరుసగా పేర్చి చూస్తే ఇంజను గడిపిన రోజులన్నీ వాటి మీద కనబడతాయి. రాడ్డు బేరింగులో మంట బరువు పై సగం మీద, మెయిన్ బేరింగులో క్యాపు వైపు సగం మీద పడుతుంది కనుక అవి కొంచెం ఎక్కువ అరగడం సహజం. రేకు పొడవునా సన్నటి గీతలుంటే దుమ్ము వెళ్లింది. ఆయిల్‌బాత్ ఎయిర్ క్లీనరును కడగకుండా మెట్ట దుక్కుల్లో నడిపిన బండ్లలో నేను ఎక్కువగా చూసింది ఇదే. ఒక అంచు మాత్రమే అరిగితే రాడ్డు వంగి ఉండవచ్చు, లేదా జర్నలు ఒక వైపుకు వాలుగా అరిగి ఉండవచ్చు. పైపొర పెళ్లలు పెళ్లలుగా ఊడితే అది లోడుకు అలసిపోయిన బేరింగు. నల్లబడి సూదితో పొడిచినట్లు గుంటలు పడితే ఆయిల్లో నీళ్లో ఆమ్లాలో ఉన్నాయి. నాలుగు మెయిన్ బేరింగుల్లో మధ్యవి మాత్రమే విపరీతంగా అరిగితే క్రాంకు వంగిందేమో డయల్ గేజీతో చూడాలి. కారణం తెలుసుకోకుండా వేసిన కొత్త బేరింగు పాతదాని దారినే పోతుంది.

ఆ తరువాతది కొలత. ప్రతి జర్నలునూ మైక్రోమీటరుతో రెండు చివరలా, ఒక్కో చివరలో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవాలి. అంకెల తేడాను బట్టి జర్నలు వాలుగా అరిగిందా, కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందా తెలుస్తుంది. మంట దెబ్బ ఎప్పుడూ పిన్ను ఒకే వైపున పడుతుంది కనుక పిన్నులు కోలగా అరగడం మామూలే. మాన్యువల్‌లో రాసిన హద్దు దాటిందా లేదా అన్నదే ప్రశ్న. దాటకపోతే నునుపు పట్టించి అదే సైజు బేరింగులు వేస్తే సరిపోతుంది. మైక్రోమీటరు లేని చోట ప్లాస్టీగేజ్ అనే సన్నటి మెత్తటి దారాన్ని జర్నలు మీద పరిచి, క్యాపును మాన్యువల్ చెప్పిన టార్కుకు (తిప్పే బలానికి) బిగించి, మళ్లీ విప్పి, నలిగిన దారం వెడల్పును దానితో వచ్చే కాగితం కొలతతో పోల్చితే సందు ఎంతో తెలుస్తుంది. జర్నలు ఆకారాన్ని అది చెప్పలేదు కానీ, చెవి కన్నా వంద రెట్లు నయం.

గ్రైండింగు తప్పనప్పుడు కూడా రైతు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. జర్నలు చివర గోడతో కలిసే మూల గుండ్రంగా వంపు తిరిగి ఉండాలి. గ్రైండింగు చక్రం ఆ వంపును తినేసి పదునైన మూలను మిగిల్చితే క్రాంకు అక్కడే పగులుతుంది. నేను చూసిన విరిగిన క్రాంకుల్లో ఎక్కువ భాగం ఆ మూలలోనే విరిగాయి. గ్రైండింగుకు ముందు అయస్కాంతపు పద్ధతిలో పగుళ్లు పరీక్షించాలి. జర్నళ్ల పైపొరకు నైట్రైడింగు (ఉక్కు పైపొరను గట్టిపరిచే పద్ధతి) చేసిన క్రాంకు అయితే ఆ గట్టి పొర చాలా పలుచన. గ్రైండింగులో అది పోతే మళ్లీ ఎక్కించాలి, లేకపోతే మెత్తటి లోహం మీద కొత్త బేరింగులు ఎన్నాళ్లూ నిలవవు. ఆయిలు దారుల్లో చేరిన గ్రైండింగు పొడిని బ్రష్షుతో, డీజిలుతో, గాలితో మూడుసార్లు శుభ్రం చేయాలి. బిగింపులు టార్క్ రెంచితోనే జరగాలి. ‘చెయ్యి తెలుసండీ’ అనే మేస్త్రుల చేతిని నేను గౌరవిస్తాను కానీ, రాడ్డు బోల్టుల దగ్గర మాత్రం నమ్మను.

నా మాటలు విని ఎవరూ శబ్దాన్ని అశ్రద్ధ చేయకూడదు. కొన్నేళ్ల కిందట మా పక్క ఊళ్లో ఒక డ్రైవరు ఎర్ర దీపం వెలుగుతున్నా, మిగిలింది అర ఎకరమే కదా అని దమ్ము పూర్తి చేశాడు. బేరింగు పట్టేసి, రాడ్డు విరిగి, బ్లాకును పగలగొట్టుకొని బయటికి వచ్చింది. దీపం వెలిగితే, వేడి మీద ప్రెషరు పడిపోతే, బరువైన చప్పుడు లోడుతో పెరిగితే ఇంజనును ఆ చాలులోనే ఆపాలి. పరీక్షలన్నీ ఆపిన తరువాతి మాట.

నాజిల్ నట్టు వదులు చేసే పరీక్షను ఇది చదివి స్వయంగా చేయాలనుకునేవారికి ఒక హెచ్చరిక. పాత పద్ధతి పంపు ఉన్న ఇంజన్లలో కూడా చిమ్మే డీజిలు చర్మంలోకి దిగగలదు. చెయ్యి అడ్డం పెట్టకూడదు, గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకొని చేయాలి. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు వచ్చిన ఉద్గార నిబంధనల కారణంగా కామన్ రైల్ ఇంజన్లు (ఒకే గొట్టంలో అధిక ఒత్తిడితో నిలవ ఉంచిన డీజిలును అన్ని సిలిండర్లకూ పంచేవి) పెరిగాయి. వాటి పైపుల్లో ఒత్తిడి 1,000 బార్ దాటుతుంది కనుక నడుస్తున్న ఇంజను మీద ఆ నట్లను ఎట్టి పరిస్థితిలోనూ ముట్టకూడదు. వాటికి కంప్యూటరు తగిలించి సిలిండర్లను ఆపి చూసే పద్ధతి వేరే ఉంది.

కొలత అడిగితే రైతుకు హద్దు అంకె ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న రావచ్చు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ట్రాక్టర్లను పరీక్షించాక ఇంజనును విప్పి, మెయిన్ బేరింగుల సందు, బిగ్ ఎండ్ బేరింగుల సందు, క్రాంకు ముందు వెనుకల కదలిక ఎంత ఉన్నాయో, ఎంత దాటితే మార్చవలసి ఉంటుందో నివేదికలో పక్కపక్కనే ముద్రిస్తుంది. ఆ నివేదికలు ఇంగ్లీషులో ఉన్నాయి. రైతుకు కొన్నప్పుడు ఇచ్చే తెలుగు పుస్తకంలో ఆయిలు ఎప్పుడు మార్చాలో ఉంటుంది గాని ఈ అంకెలు ఉండవు. మన ప్రాంతంలో ఎక్కువగా తిరిగే మోడళ్ల వరకైనా ఈ నాలుగైదు అంకెలను తెలుగులో ఒక పేజీగా వేసి పంచే పనిని రెండు రాష్ట్రాల వ్యవసాయ శాఖలు చేపట్టాలని, అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల సంస్థ తన శిక్షణ తరగతుల్లో పల్లె మేస్త్రులకు మైక్రోమీటరు, డయల్ గేజీ చేత పట్టించి నేర్పాలని కోరుతున్నాను. మీ వ్యవసాయ పేజీ కూడా వచ్చే దమ్ముల లోపల ఈ విషయానికి ఒక రోజు కేటాయిస్తే ఉపకారం చేసినట్లవుతుంది.

ఈలోగా రైతులు చేయగలిగినది ఒకటుంది. ఇంజను దించే ముందు ఆయిలు ప్రెషరు ఎంత ఉందో, క్రాంకు గ్రైండింగుకు ఇచ్చే ముందు ఏడు జర్నళ్ల కొలతలు ఎంతెంతో, ఏ సైజుకు దించుతున్నారో ఒక కాగితం మీద రాసి ఇమ్మనాలి; పాత బేరింగులు నంబర్లతో సహా సంచిలో వేసి ఇమ్మనాలి. మావాడు ఇప్పుడు తన క్రాంకు ఏ సైజులో ఉందో, మిగిలిన మెట్లు ఎన్నో ఒక కాగితం మీద రాసి, ఆర్‌సీ పుస్తకంలో పెట్టుకున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత డీజిల్ మెకానిక్ శిక్షకుడు,
నరసరావుపేట మండలం, పల్నాడు జిల్లా.